రెండు ఎడమ చేతుల జాకెట్టు

ఆ రోజుల్లో ఒక్క పని మాత్రమే చేస్తూ కూర్చున్న మనుషుల్ని చూస్తే నాకు జాలి కలిగేది. పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేదాకా దానివైపే చూస్తూ కూర్చునే మా అమ్మ, పేపరు పట్టుకుంటే పిలిచినా పలకని మా నాన్న, వీళ్లిద్దరూ దేవుడిచ్చిన రెండు చేతుల్ని, రెండు కళ్లని, రెండు చెవుల్ని సగానికి సగం వృథా చేస్తున్నారని నా గట్టి నమ్మకం. (నోరు మాత్రం ఒకటే ఎందుకిచ్చాడన్న ఆలోచన అప్పుడు రాలేదు. వచ్చి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.) నేనేమో దూరవిద్యలో డిగ్రీ చదువుతూ, ఏదో ఒక సర్కారు నౌకరీ పరీక్షకు తయారవుతూ, జహీరాబాద్‌లో మిషన్ కుట్టడం నేర్చుకుంటూ, కొత్తగా చేతికొచ్చిన టచ్ ఫోనులో ముగ్గురు స్నేహితురాళ్ల కష్టసుఖాలు చక్కదిద్దుతూ ఉండేదాన్ని. ఇవన్నీ వంతులవారీగా కాదు, ఒకేసారి. పొద్దున చిరాగ్‌పల్లిలో బస్సెక్కితే చెవిలో పాఠం, చేతిలో ఫోను, ఒళ్లో హుక్కులు కుట్టాల్సిన జాకెట్టు. ఒకరోజు అలాగే జహీరాబాద్ బస్టాండులో దిగడం మరిచిపోయి సదాశివపేట చేరాను. దాని గురించి కూడా బాధపడలేదు. పాఠాలు రెండు ఎక్కువ విన్నానని సంతోషించాను.

మా నాన్న నన్ను చూసి తెగ మురిసిపోయేవాడు. "నా బిడ్డ అష్టావధాని" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. అమ్మ మాత్రం రొట్టెల పెనం ముందు కూర్చుని, "ఎనిమిది అవధానాలేమో గని, ఒక్క జొన్నరొట్టె సక్కగ కాల్చమను. ఒక దిక్కు మాడుతది, ఇంకో దిక్కు పచ్చిగుంటది. ఈ అవధానం తినేటోళ్లం మనమే గదా" అనేది. ఆ మాటలు నాకు సరిగ్గా వినపడేవి కావు. చెవిలో పాఠం ఉండేది మరి.

నేను కుట్టు నేర్చుకున్న దుకాణం బస్టాండు వెనక గల్లీలో ఉండేది. దుకాణదారు టైలరక్క. బడి పిల్లల నుంచి పండు ముసలమ్మల దాకా అందరికీ ఆమె టైలరక్కే, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా చూడలేదు. దుకాణంలో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక అద్దం, గోడకు టైలరక్క పెండ్లి ఫోటో ఉండేవి. చర్చి మెట్ల మీద తెల్లచీరలో నిలబడి, కొంగును వెనకనుంచి తెచ్చి కుడి భుజం నిండా కప్పుకుని, వంచిన తల ఎత్తకుండా ఉంటుంది అందులో. ఇంత గలగలా మాట్లాడే మనిషి పెండ్లినాడు అంత ఒద్దికగా ఎలా ఉందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని.

నిజం చెప్పాలంటే నా అష్టావధానానికి గురువు టైలరక్కే అని నేను లోలోపల అనుకునేదాన్ని. మిషన్ మీద కూర్చుందంటే ఆమె కాళ్లు తొక్కుతూనే ఉండేవి, చేతులు బట్టను తోస్తూనే ఉండేవి, నోరు వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెడుతూనే ఉండేది, కళ్లు గల్లీలో ఎవరు ఎటు పోతున్నారో చూస్తూనే ఉండేవి. కుట్టు మాత్రం గీత గీసినట్టు వచ్చేది. ఒక్క కటింగ్ బల్ల దగ్గరికి వచ్చినప్పుడే ఒక వింత అలవాటు. కత్తెర పట్టేముందు డబ్బాలోంచి రెండు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకునేది. బట్ట జరగకుండా పైన ఇనుప బద్దలు పెడుతుంది కాబట్టి ఆ సూదులతో పనేమీ లేదు. కోయడం అయ్యాక వాటిని తీసి మళ్లీ డబ్బాలో వేసేది. ఎందుకక్కా అని ఒకసారి కోస్తుండగా అడిగితే "ఊ" అంది. కోత అయ్యాక అడుగుదామనుకున్నాను. (అయ్యేసరికి నాకు వేరే పనులు నాలుగు తగిలాయి, మరిచిపోయాను. ఇలా ఏడెనిమిది నెలలు గడిచాయి.)

ఆ ఏడెనిమిది నెలలూ నేను హుక్కులు, కాజాలు, చీరలకు ఫాల్ కుట్టడం దగ్గరే ఉన్నాను. టైలరక్క దగ్గర కత్తెర చేతికి రావడమంటే చిన్న సంగతి కాదు. కుట్టు తప్పితే విప్పొచ్చు, కోత తప్పితే ఏమీ చేయలేం అనేది ఆమె. చివరికి ఒకనాడు మామూలు జాకెట్లు కోయనిచ్చింది. నెల తిరక్కుండా నేను పెండ్లి జాకెట్టు దాకా ఎక్కాను.

అది న్యాల్‌కల్ మండలంలోని ఒక ఊరి పెండ్లికూతురిది. శుక్రవారం పొద్దున ముహూర్తం. మెరూన్ రంగు పట్టుచీర, వెడల్పాటి జరీ అంచు. ఫాల్ కుట్టడానికని చీర కూడా మా దగ్గరే ఉంది, లోపలి కొసకు అప్పటికే పసుపు బొట్టు పెట్టి ఉంది. మంగళవారం మధ్యాహ్నం టైలరక్క జాకెట్టు ముందు భాగాలు, వీపు కోసేసి, వాళ్లమ్మను దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చి లేచింది.

"చేతులు కోసిపెట్టు పిల్లా. అంచు రెండు ముక్కల్ల ఉన్నది, మడిచి కోసెటట్టు లేదు. ఒక చెయ్యి కోసినంక అట్ట తిప్పిపెట్టు. మరువకు" అంది.

"గింత దానికి మరుస్తనా అక్కా" అన్నాను నేను.

కుట్టు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. జాకెట్టు చేతులు రెండూ ఒకేలా కనబడతాయి గానీ ఒకటి కావు. చంక దగ్గర ముందువైపు కోత కాస్త లోతుగా ఉంటుంది. అందుకని చెప్పుల జతలాగే ఎడమది ఎడమదే, కుడిది కుడిదే. చేతి ఆకారంలో కత్తిరించిన అట్టను బట్ట మీద పెట్టి ఒకటి కోశాక, అదే అట్టను బోర్లా తిప్పి రెండోది కోయాలి. తిప్పడానికి ఎంతసేపు పడుతుంది, చిటికె వేసినంత సేపు. ఆ చిటికె సేపట్లోనే నా ఫోను మోగింది.

మొదటి చెయ్యి కోసి కత్తెర పక్కన పెట్టాను. స్నేహితురాలు, పరీక్ష హాల్‌టికెట్లు వచ్చాయట, తనది రాలేదట, ఏడుపు. ఆమెను ఓదారుస్తూ పాఠం ఆపలేదు, ఒక చెవికి అది, ఒక చెవికి ఇది. ఇంతలో ట్యాంకు పొర్లిపోతోందని అమ్మ మెసేజ్. (పొద్దున మోటరు వేసింది నేనే, ఆపడం మరిచి బస్సెక్కాను.) అన్నీ ముగించి, ఫోను బల్ల కింద పెట్టి, చెవిలోంచి తీగలు కూడా తీసేసి, ఎంతో శ్రద్ధగా రెండో చెయ్యి కోశాను. కోత అద్భుతంగా వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పరిచి చూసుకున్నాను. రెండూ ఎడమవే.

ముందు నమ్మలేదు. ఒకదాన్ని తిప్పి చూశాను. తిప్పితే కుడిదవుతుంది నిజమే, కానీ జరీ లోపలికి పోయి దారాల తోకలు బయటికొస్తాయి. మళ్లీ తిప్పాను. ఇంకోదాన్ని తిప్పాను. తలకిందులుగా పెట్టాను. ఎన్నిసార్లు తిప్పినా పెండ్లికూతురికి రెండు ఎడమ చేతులే వస్తున్నాయి. అంచున్న గుడ్డ ఇంకొక ముక్క లేదు. శుక్రవారానికి మధ్యలో రెండు రోజులున్నాయి. ఆ క్షణంలో మాత్రం, ఎనిమిది నెలల్లో మొదటిసారి, నా మనసులో ఒకే ఒక్క విషయం ఉంది.

టైలరక్క వచ్చేసరికి నేను ఏడుస్తూ కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె రెండు ముక్కల్నీ చూసింది, స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది.

"ఎప్పుడు తప్పినవో చెప్పు" అంది.

"ఫోన్ల మాట్లాడుకుంట కోసినట్టున్న అక్కా."

"ఉన్న కాదు. యాది చేస్కో. కోసెటప్పుడు ఫోను చేతుల ఉన్నదా?"

నేను కళ్లు మూసుకుని మొత్తం మళ్లీ నడిపించుకున్నాను. "లేదక్కా. బల్ల కింద పెట్టిన. చెవులల్ల కూడ ఏం లెవ్వు. మాట అయిపోయినంకనే కోసిన."

"మరి ఎట్ల తప్పింది?"

కోసేటప్పుడు నేను నిజంగానే ఒక్క పనే చేశాను. ఆ సంగతే ఆమెకూ వింతగా ఉన్నట్టుంది, రెండు ముక్కల్నీ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"నువ్వు ఫోను పెట్టేసినవ్ గని నీ పానం ఆ హాల్‌టికెట్ల కాడనే ఉన్నది. కత్తెర కాడికి శరీరం ఒక్కటే వచ్చింది" అంది. "ఏడ ఇడిసిపెట్టినవో ఆడినుంచి మనసు మల్ల రావాలంటే జర సేపు పడ్తది పిల్లా. నువ్వు ఆ సేపు ఇయ్యలే."

"మరి నువ్వు మిషన్ మీద అందరితోని మాట్లాడుతవ్ గదా అక్కా."

"మిషన్ నేను తొక్కుతున్ననా? ముప్పై ఏండ్ల సంది నా కాళ్లే తొక్కుతున్నయ్, నన్ను అడుగవు. ఎప్పుడన్న మెడ తిప్పు కుట్టేటప్పుడు సూసినవా? మాట ఆపేస్త." నేను ఎనిమిది నెలలు ఆమెను చూశాను, ఆ సంగతి మాత్రం చూడలేదు.

తర్వాత ఆమె చీర విప్పి లోపలి కొస పరిచింది. నడుముకు దోపుకునే కొస కాబట్టి అక్కడ జానెడున్నర తీస్తే కట్టుకున్నాక ఎవరికీ తెలియదు, దానికీ అదే జరీ అంచు. కుడి చెయ్యి ఒక్కటే కావాలి, అది వస్తుంది. అయితే పసుపు పెట్టిన పెండ్లిచీర, ఇంటివాళ్లను అడగకుండా కత్తెర పెట్టకూడదు.

"ఫోన్ చేద్దామా అక్కా" అన్నాను.

"నీ ఫోను సంగతి జర పక్కకు పెట్టు. రేపు పొద్దుగాల్ల పోయి మొఖం సూసి చెప్పాలె. నువ్వే చెప్పాలె" అంది. చీరతోబాటు అట్టను, గీత గీసే సుద్దముక్కను, సూదుల డబ్బాను, కత్తెరను కూడా సంచిలో పెట్టింది. కత్తెర ఎందుకని అడిగితే, "పోనియ్యి, బరువేం గాదు" అంది.

బుధవారం పొద్దున న్యాల్‌కల్ బస్సులో నేను పాఠం వినలేదు, ఫోను తీయలేదు. ఒళ్లో సంచి పట్టుకుని చెప్పాల్సిన మాటలు నేర్చుకుంటూ పోయాను. పెండ్లింట్లో అడుగు పెట్టేసరికి ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి. వాకిట్లో పందిరి, పందిరి కింద పద్నాలుగు మంది ఆడవాళ్లు, మధ్యలో పెండ్లికూతురి నాయనమ్మ. ఇంటి పెత్తనం ఆమెదని చూడగానే తెలిసింది. నేను రెండు చేతుల ముక్కల్నీ ఆమె ముందు చాపమీద పెట్టి, ఏడుపు గొంతుతో జరిగింది జరిగినట్టు చెప్పి, చీర లోపలి కొసలో జానెడున్నర కోయనివ్వమని అడిగాను.

ఆమె ముక్కల్ని తీసుకుని ఎడమ భుజానికి ఒకటి, కుడి భుజానికి ఒకటి పెట్టుకుని చూసుకుంది. "మా పిల్లకు రెండెడమ చేతులైతే చేసుకునేటోడు ఎవడే?" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "పసుపు వెట్టిన చీరకు మల్ల కత్తెర వడొద్దు. మా ఇంట్ల ఎన్నడు వడలే."

అప్పుడు తలకు నూనె పెట్టుకుని పెండ్లికూతురు లోపల్నుంచి వచ్చింది. సంగతి విని, నా మొఖం చూసి, "నానమ్మా, వేరే రంగు చేతులు పెట్టుకొని కూసుంటే మంచిగుంటదా? ఫోటోలల్ల జిందగీ అంత అదే కనపడ్తది" అంది మెల్లగా. తన గొంతులో కూడా బాధ ఉంది. ఆ పిల్ల తన పెండ్లి కోసం ఆ చీరను ఏరికోరి తెచ్చుకుందని, దానికి ఆ జాకెట్టే వేసుకోవాలని ఎంత ఆశపడుతోందో అప్పుడు తెలిసి నాకు ఇంకా సిగ్గేసింది.

ముసలమ్మ చీర కొసను వేళ్లతో నిమిరింది. చివరికి లేచి పసుపు గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. "కొయ్యి. ఈడనే, నా కండ్ల ముంగట. కోసినంక ఆ కొసకు నేనే మల్ల పసుపు వెడ్త. తప్పినవంటే మాత్రం మీ టైలరక్కను గూడ తోలుకరావాలె."

ఇప్పుడు తప్పితే మూడో ఎడమ చెయ్యి. చీర కొస ఇంకొకటి ఉండదు.

చాప మీద చీర పరిచాను. ఎడమ చెయ్యి ముక్కను పక్కన పెట్టుకున్నాను, చెప్పుల జతలాగా ఎదురెదురుగా రావాలి అని. అట్టను బోర్లా తిప్పాను. బట్ట జరగకుండా గుచ్చుకుందామని డబ్బాలోంచి సూదులు తీశాను. చుట్టూ చిన్నపిల్లలు ఉత్తకాళ్లతో తిరుగుతున్నారు, చాపమీద పెట్టడానికి భయమేసింది. నాలుగు గుచ్చి, మిగిలిన రెండు పెదవుల మధ్య పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మొదలయ్యాయి ప్రశ్నలు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"చిరాగ్‌పల్లి అంటున్నది. మీ నాయిన ఏం చేస్తడు?"

"పెండ్లయిందా? చేస్తున్నరా మరి?"

"మా రాయికోడ్ల ఒక పిలగాడున్నడు..."

చిన్నప్పుడు బడిలో ఒకసారి అష్టావధానం చూశాను. అవధానం చేసే పెద్దమనిషి దృష్టి చెదరగొట్టడానికి అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడమే పనిగా ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టారు. పాపం, అక్కడ ఒక్కరే. ఇక్కడ పద్నాలుగు మంది. పైగా సంచిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే నేను అందరికీ జవాబులిచ్చి, ఫోనెత్తి, రాయికోడ్ పిలగాడి చదువు వివరాలు కూడా కనుక్కుని ఉండేదాన్ని. కానీ నోట్లో సూదులున్నాయి. పెదవి కదిపితే గుచ్చుకుంటుంది. "ఊ" అన్నాను. మళ్లీ "ఊ" అన్నాను. మూడో "ఊ" తర్వాత ఒకామె, "నోట్లె సూదులున్నయమ్మా, పనిల ఉన్నది. ఊకె మాట్లాడియ్యకుర్రి" అంది. అంతా ఊరుకున్నారు. ఫోను కూడా విసిగి ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు, ఎనిమిది నెలలుగా అడగాలనుకుని మరిచిపోయిన ప్రశ్నకు జవాబు. ఆ సూదులు బట్టకు కాదు. కత్తెర పట్టబోతుంటే నవ్వొచ్చింది, నవ్వితే గుచ్చుకుంటుంది కాబట్టి దాన్నీ మింగాను. అట్ట తిరిగి ఉందో లేదో ఇంకోసారి చూశాను. మనసు వచ్చేదాకా ఆగాను. (రావడానికి నిజంగానే కొంచెం సేపు పట్టింది. దారిలో అది రాయికోడ్ కూడా పోయి వచ్చింది.) వచ్చాక కోశాను.

కుడి చెయ్యి వచ్చింది. ఎడమదాని పక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముసలమ్మ కోసిన కొసకు కొత్తగా పసుపు పెట్టింది. పాత పసుపు బొట్టు జాకెట్టు చేతి పైకొసకు వచ్చింది, కుట్టులో లోపలికి పోతుందని చెప్పాను. "లోపటికి వోతే మంచిదే. దాని ఒంటికే ఉంటది" అని నా చెంపకు కూడా కాస్త పసుపు రాసింది. పెండ్లికూతురు నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

సాయంత్రం దుకాణానికి వచ్చి, "అక్కా, సూదులు ఎందుకో తెలిసింది" అన్నాను. టైలరక్క మిషన్ తొక్కుతూనే నవ్వింది.

"ముచ్చట్ల పిచ్చి నీకంటె నాకెక్కువ. మూతికి తాళం లేకపోతె కత్తెర పట్టనీకె పనికిరానని ఎప్పుడో తెలిసింది."

"ఎప్పుడక్కా?"

ఆమె జవాబు చెప్పకుండా గోడవైపు గడ్డం ఎత్తింది. నేను ఫోటో చూశాను. తెల్లచీర, వంచిన తల, కుడి భుజం నిండా కప్పుకున్న కొంగు. "నా పెండ్లి జాకెట్టు నేనే కోసుకున్న. ఒక్క ఫోటోల గూడ కుడి చెయ్యి బయట వెట్టలే" అంది టైలరక్క. "అందరు ఎంత పద్ధతి గల్ల పిల్ల అన్నరు."

శుక్రవారం పెండ్లికి నేనూ వెళ్లాను. పెండ్లికూతురు తలంబ్రాలు పోయడానికి చెయ్యి ఎత్తినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఆ కుడి చెయ్యినే చూశాను. ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు. నా జీవితంలో అంత ఏకాగ్రతతో ఏదీ చూడలేదు. ఆ ఏకాగ్రతలో పెండ్లికొడుకు మొఖం చూడనేలేదు, ఇప్పటికీ ఎదురుపడితే గుర్తుపట్టలేను.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు దాటింది. కుట్టు నాకు బతుకుతెరువు కాలేదు, నౌకరీ వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని జనం దరఖాస్తుల్లో పేర్లు, సర్వే నంబర్లు ఎక్కించే పని. ఒక అంకె తారుమారైతే ఒకరి చేను ఇంకొకరి పేరు మీదికి పోతుంది, అదీ విప్పి కుట్టలేని కోతే. కౌంటరు ముందు అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, ఫోను మోగుతూనే ఉంటుంది. ఆఫీసులో సూదులు బాగుండవని నేను పెన్ను మూతను పెదవుల మధ్య పెట్టుకుంటాను. మేడమ్ మూత పెట్టుకుంది, ఆగుర్రి అని జనానికి కూడా అలవాటైంది. అలాగని నేనేదో గొప్పగా మారిపోయానని అనుకోకండి. అష్టావధాని ఇంకా లోపలే ఉంది. మొన్న అలాగే మూత నోట్లో పెట్టుకుని ఒక పొడుగాటి సర్వే నంబరు మధ్యలో ఉండగా ఫోను మోగింది, తెర మీద టైలరక్క పేరు చూసి ప్రాణం ఆగక ఎత్తేశాను.

"బిడ్డా, ఎట్లున్నవే?" అంది.

"ఊ" అన్నాను.

"నోట్లె సూదులున్నయా?"

"ఊ."

"మరి ఫోనెందుకెత్తినవే, సిగ్గు లేదా?" అని టక్కున పెట్టేసింది.

నేను ఫోను సొరుగులో వేసి, ఆ నంబరు మొదటి అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పని అంతా అయ్యాక, మూత తీసి, తీరిగ్గా ఆమెకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తలేదు. కత్తెర పట్టుకుని ఉంటుంది.